చచ్చిన కాలేజీ చూసిన శనివారం

నాలుగు రోజుల ప్రయాణానికని సర్దుతున్న గుడ్డసంచిలో ఆదిశేషమ్మవి రెండే ఉన్నాయి. ఒక తెల్లచీర, ఒక తువాలు. మిగిలినదంతా ఇంటిది. అడుగున బియ్యం, ఆపైన కందిపొడి డబ్బా, చింతపండు ఉండ, ఎండుమిరపకాయల మూట, నూనెసీసా, రెండు ఇత్తడి గరిటెలు, నాలుగు మసిగుడ్డలు. చీరకు నూనె అంటుతుందేమోనని ఆమె దాన్ని తువాల్లో చుట్టి, ఎక్కడ దూర్చాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది. పక్కనే ట్రంకుపెట్టెలో తన నాలుగు చీరలు మడతలు పెడుతున్న చెంచమ్మ అది చూసింది. ఇటివ్వు, నా పెట్టెలో పెడతానని అనాలనుకుంది. అనేలోపల హాల్లోంచి మొగుడు కేకేశాడు, చుట్టల కట్ట సర్దావా అని. ఆమె లేచిపోయింది.

విడవలూరుకు తూర్పున, గాలి మళ్ళితే సముద్రపు హోరు వినపడేంత దూరంలో వాళ్ళ ఊరు. కోతలు ముగిసి, గింజ గాదెకు చేరి, మగవాళ్ళకు చేతినిండా తీరిక చిక్కే ఫాల్గుణమాసం. ఆ తీరికలో చెంచమ్మ భర్త రంగనాయకులు మద్రాసు చూసిరావాలని సంకల్పించాడు. ఆయన, చెంచమ్మ, పక్కింటి మస్తానయ్య, మస్తానయ్య భార్య పెంచలమ్మ, ఊళ్ళోవాళ్ళు ఇంకో ముగ్గురు మగవాళ్ళు. హోటలు కూడు రంగనాయకులుకు పడదు. అందుకని, కలిగిన ఇళ్ళవాళ్ళు ఊళ్ళు చూడబోతే ఆ రోజుల్లో చేసే పనే ఆయనా చేశాడు. ఇంట్లోంచే వంటకొక మనిషిని వెంటబెట్టుకున్నాడు. ఆ మనిషి ఆయన చెల్లెలు ఆదిశేషమ్మ. ఎంతమంది పోతున్నారని ఎవరడిగినా ఆయన ఏడుగురమనే చెప్పాడు. బండి ఎక్కింది ఎనిమిదిమంది.

ఆదిశేషమ్మకు పన్నెండేళ్ళకు పెళ్ళయింది, పద్నాలుగేళ్ళకు మొగుడు పోయాడు. అన్న ఇంటికి తెచ్చారు. అప్పటి నుంచి పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో తొలికోడి కూతకు లేచేది ఆమే, పొయ్యి ఆర్పి పడుకునేది ఆమే. మా శేషమ్మ చెయ్యి పడితే గంజి కూడా పరమాన్నమేనని రంగనాయకులు చుట్టాలతో చెప్పేవాడు. దానికి మాత్రం ఎవరున్నారు మేం గాక, అని కూడా చెప్పేవాడు. రెండు మాటలూ ఒకే గుక్కలో అనేవాడు. చెంచమ్మ ఆడబిడ్డను ఏనాడూ ఒక్క మాట అన్నది కాదు. ఏడాదికి రెండు చీరలు తనే గుర్తుచేసి కొనిపించేది. అందువల్ల తాను మంచి వదిననేనని ఆమెకు గట్టి నమ్మకం ఉండేది.

అయినా ఆ వదినా ఆడబిడ్డలిద్దరికీ మద్రాసు కొత్త కాదు. పదేళ్ళ కిందట రంగనాయకులు ఏదో పని మీద అక్కడికి పోయి వస్తూ రైల్లో పొద్దుపోకకు ఒక చిన్న పుస్తకం కొన్నాడు. మద్రాసులో చూడవలసిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. ఆయన చదివాడో లేదో గానీ, ఇంటికొచ్చాక అది ఆవకాయ జాడీ వాసెన మీద మూతగా పడివుండేది. ఆ రోజుల్లోనే చెంచమ్మ కొడుకు వసారాలో కూర్చుని అక్షరాలు దిద్దేవాడు. వాడు పైకి అంటూ దిద్దుతుంటే, ఆమె వంటింటి గడప మీద కూరగాయలు తరుగుతూ వాడి పలక మీదే కళ్ళు పెట్టేది. అట్లా ఒక్కొక్క అక్షరమూ పట్టుకుంది. పట్టుకున్నాక చదవడానికి ఇంట్లో పంచాంగం తప్ప ఇంకేమీ లేకపోతే, జాడీ మీది పుస్తకాన్ని దులిపి తీసింది. కొడుకు చదువుకు కావలి వెళ్ళిపోయాడు. పుస్తకం మిగిలింది.

మధ్యాహ్నాలు ఆదిశేషమ్మ రోటి దగ్గర కూర్చునేది. ఇయ్యాల యాడికి పోదాం వదినా, అనేది. ఒకనాడు కోటకు, ఒకనాడు హైకోర్టు మీది దీపస్తంభానికి, ఒకనాడు బీచికి. చెంచమ్మ చదివేది, ఆమె రుబ్బుతూ వినేది. ఎన్నిచోట్లకు పోయినా ఆదిశేషమ్మ చివరకు అడిగేది మ్యూజియమే. ఊళ్ళో మద్రాసు చూసొచ్చిన వాళ్ళు దాన్ని చచ్చిన కాలేజీ అనేవాళ్ళు, జంతువుల తోటను బతికిన కాలేజీ అనేవాళ్ళు. ఇల్లంత తిమింగలం ఎముకలగూడు, మన కృష్ణాతీరం నుంచి తెచ్చిన పాలరాతి బొమ్మలు, మట్టిశవపేటికలు, వేల ఏళ్ళనాటి మనుషుల పనిముట్లు. అదంతా చదివి చదివి చెంచమ్మకు కంఠతా వచ్చింది. ఒకరు చదివేవారు, ఒకరు రుబ్బేవారు. ఆ తేడా అప్పట్లో ఆమెకు తేడాగా తోచలేదు.

బుధవారం బయలుదేరాలని, గురువారం కోటా సముద్రమూ, శుక్రవారం మ్యూజియం, శనివారం తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి దర్శనం చేసుకుని సాయంత్రం రైలెక్కాలని రంగనాయకులు లెక్క వేశాడు. చెంచమ్మ తలుపు వారన నిలబడి, శుక్రవారం మ్యూజియం మూసేస్తారండీ అంది. నలుగురు మగవాళ్ళ ఎదుట అన్నది. అదే తప్పయింది.

“శుక్రవారమైతే తలంటు సంగతి నీకు తెలుస్తాది. మ్యూజియం సంగతి నీకెట్టా తెలుస్తాదే?” అన్నాడాయన. మస్తానయ్య నవ్వాడు. చెంచమ్మ పుస్తకం మాట ఎత్తలేదు. ఎత్తితే పుస్తకం పోతుంది.

గురువారం ఆమె కోట చూసింది. ఫిరంగులు, పాతకాలపు గోరీలు, దొరల పటాలు, నాణేలు. పదేళ్ళు అనుకున్న చోట కాళ్ళు పెట్టి నిలబడితే గుండె ఉప్పొంగాలి కదా. ఆమెకు మాత్రం చెప్పు కరుస్తున్నట్టే ఉంది. ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది శేషమ్మకు చెప్పాలి, ఇది మరిచిపోకూడదు అనుకునేసరికి చూడటం సగమే అయ్యేది. మగవాళ్ళు నాలుగడుగులు ముందు నడిచేవాళ్ళు. పెంచలమ్మ ఎండకు కొంగు కప్పుకుని, వట్టి గోడలకింత దూరం రావాలా అక్కా అని సణిగేది. మధ్యాహ్నం తాము దిగిన సత్రానికి తిరిగి వస్తే విస్తళ్ళు వేసి ఉన్నాయి. చారు పొగలు కక్కుతోంది. పప్పులో ఉప్పు చాలలేదన్నాడు మస్తానయ్య.

సాయంత్రం వంటగది పొగలో కూర్చుని చెంచమ్మ చూసినవన్నీ చెప్పింది. ఆదిశేషమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. మధ్యలో ఒకటి రెండు చోట్ల సరిదిద్దింది కూడా, కోటలో దొరల చర్చికంటే ముందు గోరీలు వస్తాయి గదా వదినా అని. తర్వాత తనూ ఒక మనిషిని చూశానంది. సత్రం కొళాయి దగ్గర రెబెక్కమ్మ అనే ఆమె కలిసిందట. కావలి వైపు మనిషి. ఎగ్మూరులో ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఆయా. చుట్టం ఎవరో దిగితే చూడ్డానికి వచ్చి, రెండు బిందెలు పట్టేదాకా కబుర్లు చెప్పిందట. తనకొక గది ఉందట, గదికి తాళం ఉందట. తాళం మాట చెప్పేటప్పుడు ఆదిశేషమ్మ చేతిలోని చేట ఆగింది. చెంచమ్మకు అది తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం రేపటి మ్యూజియం గురించే మనసంతా.

శుక్రవారం రెండు జట్కాలు కట్టించుకుని ఎగ్మూరు పోయారు. గేటు మూసి ఉంది. కాపలావాడు అరవంలో చెప్పాడు, వేళ్ళతో చూపించాడు, ఇవాళ సెలవని. రంగనాయకులు కాసేపు గేటు చువ్వలు పట్టుకుని ఎర్రటి భవనాలను చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి భార్యను చూశాడు.

“నోరు తెరిస్తే ఇంతే. నువ్వు మూసేస్తారన్నావు, వాళ్ళు మూసేసినారు” అన్నాడు.

ఆమె చెప్పింది నిజమైంది కాబట్టి ఆ మిగిలిన పగలంతా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. బతికిన కాలేజీకి పోయి పులిని చూసి వచ్చారు. ఆ పులి బోనులో ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరుగుతూనే ఉంది. పోనీ, శనివారం పొద్దున మ్యూజియం చూసి గుడికి పోదామా అని మస్తానయ్య ఒక మాట అన్నాడు గానీ, ఆడదాని మాట నెగ్గించడానికా అన్నట్టు రంగనాయకులు తల అడ్డంగా ఊపాడు. ఆ చచ్చినవాటిని చూడకపోతే మనమేం చావం అన్నాడు.

ఆ రాత్రి చెంచమ్మకు కోపం రాలేదు. కోపమైతే తెల్లారేసరికి చల్లారేది. ఎగ్మూరు గేటు చువ్వల సందులోంచి కనపడిన ఆ మెట్లే కళ్ళలో నిలిచాయి. ఇరవై బారల దూరం. ఇంకో జన్మలో వస్తానా అనుకుంది. వంటగదిలో కూర్చున్నదైతే ఆ గేటు కూడా చూడలేదు.

తెల్లవారుజామున అందరూ గుడికి తయారవుతుంటే చెంచమ్మ వసారా చివరకు పోయి, చాప లేకుండా వట్టి నేల మీద కూర్చుంది. పెంచలమ్మ దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బయట చేరానని చెప్పింది. పెంచలమ్మ వెంటనే రెండడుగులు వెనక్కి వేసి, అయ్యో అక్కా, వాకిటిదాకా వచ్చి స్వామిని చూడలేకపోయినావే అంటూ ఆ వార్త మగవాళ్ళకు చేరవేసింది. రంగనాయకులు దూరం నుంచే మొహం చిట్లించాడు. ఇప్పుడే రావాలా అన్నాడు. పదమూడేళ్ళ వయసు నుంచి నెలకు మూడు రోజులు ఆ మాట ఆమెను ఇంటి వెనక గోడవారన కూర్చోబెట్టింది. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, కన్నతల్లి కట్టె దగ్గరికి కూడా పోనివ్వలేదు. ఆ మాట ఒక తలుపు తెరవడం ఆమె ఎరిగినంతలో అదే మొదలు. అబద్ధమని ఎవరూ అనుమానించరు. తరచి అడగరు. ముట్టుకుని చూడరు.

రైల్లో నువ్వూ శేషమ్మా ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కండి, నువ్వు సామాను తాకబాక, మేము వచ్చేసరికి మూటలు కట్టి ఉండాలని శేషమ్మకు చెప్పు, అని చెప్పి రంగనాయకులు గుడికి పోయాడు. పులిహోర, పెరుగన్నం ఆదిశేషమ్మ కోడి కూసే వేళకే వండి ఆరబెట్టింది. జట్కాలు వీధి మలుపు తిరిగాక చెంచమ్మ లేచి చీర దులుపుకుంది.

“పద శేషమ్మా, చచ్చిన కాలేజీకి పోదాం” అంది.

ఆదిశేషమ్మ వదిన మొహం వంక చూసి, విషయం అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పదిహేడేళ్ళలో ఆ నవ్వు చెంచమ్మ వినలేదు.

నడిచే పోయారు. ముందు మగవాడు లేడు, వెనక మగవాడు లేడు. దారి అడిగితే జనం చెప్పారు. అంతే. దారి అడిగితే చెప్తారని కూడా వాళ్ళకు తెలియదు.

తిమింగలం ఎముకలగూడు కింద ఇద్దరూ తలలెత్తి నిలబడ్డారు. మైపాడు రేవులో చెంచమ్మ చిన్నప్పుడొకటి కొట్టుకొచ్చి, నెల రోజులు ఆ పక్కకు ఎవరూ పోలేకపోయారు. ఇక్కడ వాసన లేదు. పాలరాతి పలకల దగ్గర ఆదిశేషమ్మ చాలాసేపు ఉంది. గడపలకు ఆనుకుని, మేడల మీద నుంచి వంగి, ఏ పనీ లేకుండా చూస్తూ నిలబడిన ఆడవాళ్ళు ఆ పలకల నిండా ఉన్నారు. వీళ్ళకు వంట ఎవురు చేసేవాళ్ళో, అంది. చెంచమ్మ నవ్వి ముందుకు నడిచింది.

పాతకాలపు పనిముట్లున్న గదిలో, ఒక తిన్నె మీద నూరుడురాయి ఉంది. మధ్యలో అరిగి పడవలా గుంట పడిన రాయి, దాని మీద చేతికి పట్టేంత గుండురాయి. పక్కన చెక్క మీద ఏదో రాసి ఉంది. ఇంగ్లీషు, అరవం. తన తెలుగు చదువు నాయుడుపేట దాటితే పనికిరాదని చెంచమ్మకు అక్కడ తెలిసింది. బల్ల మీద కునుకుతున్న కాపలాదారు, వెంకయ్య అనే ముసలాయన, వాళ్ళ తెలుగు విని లేచొచ్చాడు. మూడు నాలుగు వేల ఏళ్ళ నాటిదమ్మా, గింజలు నూరుకునేవాళ్ళంట అని చెప్పాడు.

“నూరినామె పేరు రాసి ఉందా తాతా?” అని అడిగింది ఆదిశేషమ్మ.

ఆయన ఆమెను వింతగా చూశాడు. “ఎవురిదో ఎట్టా తెలుస్తాదమ్మా. రాయి దొరికిన ఊరి పేరు రాసినారు, తెచ్చిన దొర పేరు రాసినారు.”

ఆమె ఆ రాయి గుంటలోకి చూసింది. తన అరచేతిని తిప్పి చూసుకుంది. బొటనవేలి కింద కాయ కాసి గట్టిపడిన చోటును ఇంకో చేత్తో తడుముకుంది. తర్వాత, రేపు ఇడ్లీకి పప్పు నానబోయాలా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

“వదినా, నేను రాను.”

ఎక్కడికి అని అడిగింది చెంచమ్మ, అర్థమయ్యీ.

“ఊరికి. రెబెక్కమ్మతో మాట్లాడినా. ఆసుపత్రిలో ఆయాలు కావాలంట. పెద్ద నర్సమ్మను నిన్న పోయి చూసినా, మీరు పులిని చూడను పోయినప్పుడు. సోమవారం నుంచి రమ్మన్నాది. చెప్పకుండా పోదామనే అనుకున్నా. నువ్వు ఇట్టా తీసుకొస్తావని నాకేం తెలుసు.”

ఆ క్షణాన తన లోపల ఏం కదిలిందో చెంచమ్మ ముసలితనంలో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆడబిడ్డ ఈ మహానగరంలో ఒంటరిగా ఎట్లా బతుకుతుందో అన్న భయం రెండోది. మొట్టమొదట వచ్చింది, రేపు పొద్దున పాలెవరు పిండుతారు అన్నది. ఆ వెనకే, పిండి ఎవరు రుబ్బుతారు, కోతల కాలంలో నలభైమందికి ఎవరు వండుతారు, నేనెప్పుడు చదువుకుంటాను అన్నవి వరసగా వచ్చాయి. ఒక్క మాట అనని మంచి వదిన. పదేళ్ళు మధ్యాహ్నపు నీడలో కాళ్ళు చాపుకుని మద్రాసు చదివిన వదిన. ఆ కాళ్ళు చాపుకునే తీరిక ఎవరి రెక్కల్లోంచి వచ్చిందో ఆ రాయి ముందు నిలబడ్డాక గానీ లెక్క తేలలేదు. మొగుణ్ణి గురించి ఇన్నేళ్ళుగా మనసులో అనుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే ఇటు తిరిగి తన వంకే చూశాయి.

మీ అన్న ఊరుకోడు, అంది చివరకు.

“అన్న సంగతి గాదు. నువ్వు ఏమంటావో చెప్పు. నువ్వు రమ్మంటే వొస్తా. పదిహేడేళ్ళు నీ మొహం చూసే ఉన్నా ఆ ఇంట్లో.”

ఎంత బరువైన మాట అది. రమ్మంటే వస్తుంది. వచ్చి, ఎప్పటిలాగే తొలికోడికి లేస్తుంది. ఇయ్యాల యాడికి పోదాం వదినా అని మళ్ళీ ఏనాడూ అడగదు. చెంచమ్మకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆ మెట్లు దిగి తనూ అటే నడిస్తేనో? గదికి తాళం ఉందట. ఆ ఆలోచన వచ్చినంత వేగంగానూ కావలిలో చదివే కొడుకు మొహం అడ్డొచ్చింది. అడ్డొచ్చినందుకు వాడి మీద, అడ్డం తెచ్చుకున్నందుకు తన మీద, ఒక నిమిషం పాటు నిజంగా అసహ్యం వేసింది. తర్వాత వట్టి ఆశ మిగిలింది. దాహం లాంటి ఆశ. బావి ఎదురుగా ఉండి, చేద వేరొకరి చేతికి ఇవ్వడం లాంటిది.

“ఉండు” అంది. “ఉండిపో.”

చేతి బంగారు గాజుల జత తీసి ఇవ్వబోయింది. ఆదిశేషమ్మ వద్దని తల ఊపి, ఆ ఒట్టి చేతులతోనే వదిన మెడ కావలించుకుంది. బయట చేరిన మనిషిని ముట్టుకున్నావే, స్నానం చెయ్యాల గదా ఇంక, అంది చెంచమ్మ. ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. వెంకయ్య తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మగవాళ్ళు వచ్చేసరికి మూటలన్నీ కట్టి వరసగా ఉన్నాయి. కట్టింది చెంచమ్మ. మూటలు కట్టి ఉన్నాయంటే ఆదిశేషమ్మ ఉన్నట్టే. ఆమె ఉందో లేదో చూడటం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అన్నం ఉందో లేదో చూసేవారు. మైల మనిషికి దూరంగా వాళ్ళు ముందు జట్కాల్లో పోయారు. చెంచమ్మ వెనక జట్కాలో ఒక్కతే పోయి, ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంది. రంగనాయకులు దూరం నుంచి ఆమె తల చూసి, తృప్తిగా తన పెట్టె ఎక్కాడు. రైలు కదిలింది.

నాయుడుపేటలో ఎండ వాలింది. రంగనాయకులు ప్లాట్‌ఫారం మీద నడిచి వచ్చి కిటికీకి రెండు గజాల దూరంలో ఆగాడు. పెరుగన్నం తిందామంటే ఊరగాయ కనపడలేదట.

“ఊరగాయ యాడ పెట్టిందో శేషమ్మనడుగు.”

“శేషమ్మ రాలేదు.”

“రాలేదంటే? రైలు తప్పిందా?”

“లేదు. ఊరికి రానన్నది. నేను సరే అన్నాను.”

ఆయన నోరు తెరిచాడు. పదిమంది ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో దేనికైనా సరే అనే మాట ఆయనదే. చెంచమ్మ చూపు దించుకోలేదు. ఇంజను కూత వేసింది. ఆయన తన పెట్టెకేసి పరుగెత్తాడు.

మరుసటి వారం ఆయన మద్రాసు పోయి, ఆసుపత్రి గేటు దగ్గర రెండు రోజులు కాచి, ఒక్కడే తిరిగొచ్చాడు. ఊరు నెల రోజులు నోటికొచ్చినట్టు అనుకుంది. చెంచమ్మ తొలికోడికి లేవడం నేర్చుకుంది. ఒకరు చేసిన పని ఎంతో, దాన్ని చెయ్యబోతేనే తెలిసింది. నడుము విరిగి కూర్చున్న సందెల్లో తూర్పుగాలికి హోరు వినపడితే, అదే సముద్రం మద్రాసు దాకా ఉందని అనుకునేది.

ఆదిశేషమ్మ వెయ్యిన్నీ తొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం మార్చి నెల పన్నెండో తేదీ, శనివారం, మద్రాసులో ఉండిపోయింది. మళ్ళీ రాలేదు.